కెమెరా ఒక్కటే విన్న మాట

పోయినవారం మనం రచయిత్రిని ఎడిటింగ్ గదిలో, లోపలినుంచి గడియ పడిన తలుపు ముందు వదిలేశాం. అంతకుముందు జరిగింది రెండు ముక్కల్లో గుర్తుచేసుకుందాం. సబ్బులకీ బిస్కెట్లకీ ప్రకటనలు రాసే ఈ రచయిత్రి, వాటిని కోసి అతికించే ఎడిటర్ (స్టూడియోలో పెద్దాచిన్నా అందరికీ ఆయన బాబాయే) తమ శనివారాలను సేవాసంస్థలకు రాసిచ్చేశారు. "మనకొచ్చిన విద్య కథ చెప్పడమొక్కటే, అదే ఇద్దాం" అన్నది ఆమె మాట. మొగుళ్ల దెబ్బలకు తాళలేక పారిపోయివచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఒక హోమ్ కోసం వాళ్లు తీసిన రెండు నిమిషాల సినిమా ఊరంతా పాకింది. అందులో ఒక స్త్రీ కుట్టుమిషన్ మీద చంటిపిల్ల గౌనుకు అంచు కుడుతూ తన కథ చెబుతుంది. ముఖం చూపించలేదు. గొంతు మార్చారు. కనిపించేవి చేతులు మాత్రమే.

సోమవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకు లేవబోతున్న వేళ, భుజాన పనిముట్ల సంచితో ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. "ఆ సినిమా తీసిందెవరండీ?" అని మర్యాదగా అడిగాడు. "నేనే" అంది రచయిత్రి. అతను లోపలికి వచ్చి, తలుపు వేసి, గడియ పెట్టాడు.

నలభై లోపు వయసు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా. ముంజేతుల నిండా మాత్రం నిప్పురవ్వలు పడి కాలిన నల్లటి చుక్కలు. సంచిని కాళ్ల దగ్గర పెట్టుకుని, అడక్కుండానే బాబాయ్ కుర్చీలో కూర్చున్నాడు.

"బస్సు డిపోలో చూశాను మేడమ్. వెయిటింగ్ హాల్లో టీవీ ఉంది కదా, గంటగంటకీ వేస్తున్నారు. నాలుగుసార్లు చూశా. ఏడుపొచ్చేసింది."

"చాలా సంతోషమండీ. ఆ గడియ తీస్తారా? ఈ గదిలో గాలాడదు."

"చివర్లో మీ స్టూడియో పేరు వేసి మంచిపని చేశారు. లేకపోతే ఎక్కడని వెతుక్కునేవాణ్ని?" అతను గడియ వైపు చూడనైనా లేదు. "ఆవిడ ఎక్కడుంది మేడమ్?"

"ఎవరండీ?"

"ఎడమచేతి చిటికెనవేలు, దాని పక్కవేలు. వంకర తిరిగినవి. వాటి మనిషి."

రచయిత్రి గొంతు తేలిగ్గానే ఉంచుకుంది. "వంకరవేళ్లు లోకంలో బోలెడుమందికి ఉంటాయి."

"ఉంటాయి. ఆ రెండూ నేను విరిచినవి." వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా అన్నాడు. "ఏది ఏ కణుపు దగ్గర విరిగిందో, ఎంత చప్పుడైందో కూడా గుర్తుంది. ముఖం దాస్తే సరిపోతుందనుకున్నారా?"

సరిపోతుందనే అనుకుంది. హోమ్ నడిపే పెద్దమ్మ షూటింగ్ రోజే అడ్డుచెప్పింది, చేతులు కూడా వద్దమ్మా అని. "చేతులు తీసేస్తే సినిమాలో ఇంకేం మిగులుతుంది పెద్దమ్మా?" అని వాదించి ఒప్పించింది తనే. ఆ వంకరవేళ్లు గుడ్డను సూదికిందికి జరిపే దృశ్యం చూసి ఎంతమంది కళ్లు తుడుచుకున్నారో! ఆ మెప్పంతా ఇప్పుడు ఈ కుర్చీలో కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

"నాకు తెలియదు" అంది.

అతను లేచి చెంప మీద కొట్టాడు. అరచేత్తో కాదు, మడిచిన వేళ్లతో. ఆమె తల వెళ్లి గోడకు తగిలింది. గోడకు మెత్తటి స్పాంజి పలకలు అతికించి ఉండటంతో చప్పుడే రాలేదు. అతను ఆ పలకను వేలితో నొక్కి చూశాడు.

"బాగా కట్టించారు. ఎంత అరిచినా బయటికి పోదు కదా?"

ఇరవయ్యేళ్లుగా రచయిత్రి బతుకంతా నమ్మబలకడమే. ఏ వస్తువునైనా, ఎవరికైనా, ముప్ఫై సెకన్లలో. ఆ విద్యనే ఇప్పుడు నోటికి తెచ్చుకుంది. నెత్తురు మింగి నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మీరన్నది నిజమే. ఆవిడే. కానీ ఈ ఊళ్లో లేదు. షూటింగ్ అయిన వారానికే వెళ్లిపోయింది. ఏదో బట్టల ఫ్యాక్టరీలో పని దొరికిందట. ఏ ఊరో నాకు చెప్పలేదు."

"ఎలా వెళ్లింది?"

"రైల్లో. నేనే ఎక్కించాను."

"ఏం కట్టుకుంది?"

"నీలంరంగు చీర. చేతిలో గుడ్డసంచి. కిటికీ పక్కన సీటు. రైలు కదిలేటప్పుడు నా చెయ్యి పట్టుకుని..."

"వాళ్ల నాన్న రైలు కింద పడి పోయాడు" అన్నాడతను. "నా పెళ్లాం పట్టాలు చూస్తే చాలు, కళ్లు తిరిగి పడిపోతుంది. స్టేషన్ గడప తొక్కదు. బాగా చెప్తున్నారు మేడమ్. నేను తప్ప ఇంకెవడైనా నమ్మేసేవాడు."

మాట పూర్తి చేస్తూనే ఆమె ఎడమచేతిని పట్టుకున్నాడు. బల్ల సొరుగు లాగాడు, వేళ్లు అంచు మీద ఉంచాడు, మోకాలితో సొరుగును తోశాడు.

ఆమె అరుపు తన చెవులకే ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. గోడలు ఆ అరుపును తాగేశాయి. సొరుగు మళ్లీ లాగి మళ్లీ తోశాడు. రెండోసారి లోపల ఏదో చిట్లింది. మోకాళ్ల మీద కూలబడిన మనిషిని జుట్టు పట్టి కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నువ్వూ సినిమాలో బాగుంటావు" అన్నాడు. మేడమ్ పోయింది, మీరు పోయింది.

బల్లమీద హార్డ్ డిస్క్ ఒకటి కంప్యూటర్‌కు తగిలించి ఉంది. దానిమీద ఆమె చేతిరాతే: 'హోమ్. కోయనిది.' అతను తల వంచి చదివాడు.

"కోయనిదంటే?"

"ఏం లేదు. పనికిరాని ముక్కలు."

"పెట్టు."

ఆ ఫుటేజీలో కుట్టుమిషన్ వెనక కిటికీ ఉంది. కిటికీలోంచి మున్సిపాలిటీ నీళ్లట్యాంకు, దాని మీద అడుగెత్తు అంకె కనిపిస్తాయి. సినిమాలో ఆ మేర కత్తిరించారు. ఇందులో అలాగే ఉంది. అంకె తెలిస్తే వీధి తెలుస్తుంది, వీధి తెలిస్తే హోమ్ తెలుస్తుంది.

"పెట్టు" అని అతను సంచిలోంచి సుత్తి తీశాడు. వెల్డింగ్ చేశాక పైన కట్టే పొట్టును రాల్చే సుత్తి. ఒకవైపు ఉలిలా చదును, రెండోవైపు మొన.

ఆమె కుడిచేత్తో ప్లే నొక్కింది. తెరమీద కుట్టుమిషన్, చేతులు, నీలం గౌను. మార్చని అసలు గొంతు గదంతా నిండింది. అతను కిటికీని చూడలేదు. కళ్లు మూసుకున్నాడు.

"అదీ. అదీ నా మనిషి గొంతు."

తెరమీద ప్రశ్నలు అడుగుతున్నది రచయిత్రే. ఆ హోమ్‌లోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి కెమెరా కూడా తనే పెట్టుకుంది. వేళ్ల సంగతి అడిగింది. ఆవిడ చెప్పింది. "ఈ వేళ్లతోనే ఇప్పుడు పసిపిల్లల బట్టలు కుడుతున్నానక్కా" అంది. సినిమాకు ప్రాణం పోసిన వాక్యం అదే. సరిగ్గా ఆ తరువాత ఫోన్ మోగింది. తెరమీద రచయిత్రి గొంతు హుషారుగా వినిపించింది: "ఒక్క నిమిషం అక్కయ్యా, సబ్బు కంపెనీవాళ్లు. మీరు మాట్లాడుతూ ఉండండి, కెమెరా వింటుంది." కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు చప్పుడు.

తనకు కావలసిన వాక్యం దొరికేసింది. ఆ తరువాత ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు. గుర్తు పెట్టి ఇచ్చిన ముక్కలనే బాబాయ్ కోశాడు.

తెరమీద చేతులు కాసేపు కుట్టాయి. ఆగాయి.

"అక్క వెళ్లిపోయింది" అంది ఆ గొంతు, కెమెరాతోనే. "పోనీలే. ఎదురుగా మనిషి లేకపోతేనే నాకు నోరు పెగుల్తుందేమో. అక్కా, మీరు తర్వాత వింటారుగా. మా మరిది ఓడల్లో పనికి వెళ్లలేదు. అందరికీ అలా చెప్పమన్నాడు మా ఆయన, చెప్పాను. ఆ రోజు నన్ను కొడుతుంటే అడ్డమొచ్చాడు పిల్లోడు. 'వదినని వదిలెయ్ అన్నయ్యా' అన్నాడు, అంతే. సుత్తితో కొట్టాడు. ఒక్క దెబ్బకే పడిపోయాడు. పడ్డాక ఇంకో నాలుగు. ఆయన బస్సు బాడీలు కట్టే షెడ్లో రంగులేసే గది ఉంది. దాని నేల తవ్వి అందులో పెట్టి సిమెంటు పోశాడు. నాచేత నీళ్లు చల్లించాడక్కా. నేల గట్టిపడాలని ఏడు రోజులు, రెండుపూటలా. నీళ్లు పోస్తూ..."

అతను చెయ్యి చాచి ఆపేశాడు.

సుత్తి అతని చేతిలో వేలాడుతోంది. రచయిత్రి దాని మొననే చూస్తోంది.

"అయితే నీకు ముందే తెలుసన్నమాట" అన్నాడు.

"తెలియదు. నేను వినలేదు. నిజంగా వినలేదు."

ఆ గదిలో ఆమె ఏ ఎత్తూ లేకుండా చెప్పిన మొదటి నిజం అదే. అతను అది నమ్మాడు. నమ్మి, పళ్లు కనిపించేలా నవ్వాడు.

"సినిమాలు తీస్తారు. వాళ్ల బాధ వినమని ఊరందరికీ చెప్తారు. నువ్వే వినలేదా?" నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నాడు. "నోరు మూసుకుని పెళ్లాన్ని వెతుక్కుంటే పోయేది. నేనే వచ్చి నీకు వినిపించాను కదా. ఇప్పుడేం చేద్దాం చెప్పు?"

ఏం చెయ్యాలో అతనికి అప్పటికే తెలుసు. బల్లమీది హెడ్‌ఫోన్స్ వైరు లాగి, కుర్చీ వెనక్కి వచ్చి, ఆమె మెడకు రెండు చుట్లు తిప్పి బిగించాడు.

చూపు అంచుల నుంచి నల్లబడసాగింది. కాళ్లు బల్లను తన్నాయి. కుర్చీ చక్రాలు జారిపోతుంటే అతను మోకాలు అడ్డం పెట్టి ఇంకా బిగించాడు. ఆమె కుడిచెయ్యి బల్లమీద గుడ్డిగా వెతికింది. గ్లాసు తగిలింది, దొర్లిపోయింది. పెన్నులు తగిలాయి. తరువాత చిన్న ఎర్రబటన్ తగిలింది. పక్క రికార్డింగ్ గదిలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే దాన్ని నొక్కాలి. నొక్కింది. మోచేతిని దాని మీద ఆనించి తన బరువంతా వేసేసింది.

పక్కగదిలో అప్పుడు రేడియో ప్రకటన ఒకటి ముగిస్తున్నారు. బాబాయ్ అక్కడే, సౌండ్ ఇంజనీర్‌తో జోకులేస్తూ నిలబడి ఉన్నాడు. హఠాత్తుగా స్పీకర్లలోంచి కుర్చీ కిరకిర, మనిషి గొంతులో ఇరుక్కున్న గురక, "చావు, చావవే" అనే మగగొంతు పెద్దగా వినిపించాయి. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. బాబాయ్‌కి మాత్రం ఆ గురక ఎవరిదో తెలిసిపోయింది. కీళ్లనొప్పితో మెట్లు దిగడానికే పది నిమిషాలు పట్టే మనిషి, గోడకున్న మంటలార్పే సిలిండర్ పెరికి పరుగెత్తాడు.

మొదటి దెబ్బకు తలుపు అద్దం పగిలింది. రెండో దెబ్బకు గడియ ఊడింది.

బాబాయ్ సిలిండర్‌తో అతని వీపు మీద మోదాడు. వైరు సడలింది. రచయిత్రి నేలమీద పడి గాలి కోసం నోరు తెరిచింది. పడినచోటినుంచే చూసింది: సుత్తి లేవడం, బాబాయ్ తెల్లజుట్టు మీద దిగడం, ఆ జుట్టు ఎర్రబడటం. బాబాయ్ పడుతూ కూడా వాడి చొక్కా వదల్లేదు. ఇద్దరూ కలిసి అద్దం పెంకుల మీద పడ్డారు. వాడు రెండోసారి సుత్తి ఎత్తేసరికి ఆమె పాకుతూ వెళ్లి వాడి మణికట్టును పళ్లతో పట్టుకుంది. ఎముక తగిలేదాకా కొరికింది. సుత్తి జారిపడింది. సౌండ్ ఇంజనీర్ మైకు స్టాండుతో వచ్చాడు, వెనకాల మరో ఇద్దరు. వాడు అంతమందినీ చూసి, రక్తం కారే చేత్తోనే హార్డ్ డిస్క్‌ను వైరుతో సహా పీక్కుని, అడ్డమొచ్చిన వాళ్లను తోసుకుంటూ మెట్లమీదికి దూకాడు. కింద రోడ్డు మీద మోటారుసైకిల్ గర్జించి దూరమైపోయింది.

ఆసుపత్రిలో ఆమె వేళ్లకు కట్టు కట్టారు. మెడచుట్టూ రెండు ఎర్రటి గీతలు తేలాయి. మాట గీరుకుంటూ వస్తోంది. పక్క మంచం మీద బాబాయ్ తలకు పదకొండు కుట్లు పడ్డాయి. స్పృహలోనే ఉన్నాడు, ఇంకా కోపంగానే ఉన్నాడు.

"కొరికావే అమ్మాయ్! నీ ప్రకటనల్లో టూత్‌పేస్టు ఏదో పనిచేస్తున్నట్టుంది" అన్నాడు.

ఆమె నవ్వలేకపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ పోలీసాయనకు విన్నదంతా చెప్పింది. మరిది, సుత్తి, రంగులేసే గది నేల.

"ఏ షెడ్డమ్మా?" అన్నాడాయన. "బస్సు బాడీలు కట్టే షెడ్లు ఊరిచుట్టూ ముప్ఫైకి తక్కువుండవు."

ఆమెకు తెలియదు. అతను అక్కడిదాకానే విననిచ్చాడు.

అప్పుడే హోమ్ పెద్దమ్మ వచ్చింది. ఆయాసపడుతోంది, చేతిలో గొడుగు ఉంది. రచయిత్రి మంచం మీద లేచి కూర్చుంది.

"పెద్దమ్మా, ఆవిణ్ని ఎక్కడైనా దాచండి. వాడికి కిటికీ ఫుటేజీ దొరికింది."

"దాచడానికి మనిషుంటే కదమ్మా! మీ స్టూడియో నుంచి ఫోనొచ్చినప్పుడు నా పక్కనే ఉంది. అంతా వింది. డిస్క్ పట్టుకుపోయాడనగానే, 'ముందు షెడ్డుకే వెళ్తాడు, తవ్వి తీసేస్తాడు' అంది. నాకు ముక్క అర్థం కాలేదు. నేను చెప్పులేసుకుని వచ్చేసరికి గేటు తీసుంది, ఆ పిల్ల లేదు."

"షెడ్డు ఎక్కడో చెప్పిందా?"

"మా హోమ్‌లో ఎవర్నీ వెనకటి చిరునామా అడగం. అది నియమం." పెద్దమ్మ మంచం అంచున కూలబడింది. "మూడు వారాలుగా రోజూ అడిగేది నన్ను. 'సినిమా అక్క ఏమైనా అందా? ఏమైనా చేస్తానందా?' అని. సినిమా ఎలా వచ్చిందో అడుగుతోందనుకున్నాను. బాగా వచ్చిందటే, అందరూ మెచ్చుకుంటున్నారటే అని చెప్పేదాన్ని. అలా చెప్పినప్పుడల్లా తల ఊపి మిషన్ దగ్గరికి వెళ్లిపోయేది."

రచయిత్రి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. చెప్పాల్సిందంతా ఆ మనిషి చెప్పేసింది. చెప్పి, మూడు వారాలు ఎదురుచూసింది. ఇక ఎవరూ రారని తేలాక, తనే బయల్దేరింది.

"అమ్మాయ్" అన్నాడు బాబాయ్ పక్కమంచం నుంచి. "నా సంచి ఇలా ఇవ్వమను. కోత మొదలుపెట్టే ముందు ఏ ఫుటేజీకైనా చిన్న సైజు నకలొకటి నా ల్యాప్‌టాప్‌లో వేసుకుంటా. ముప్ఫయ్యేళ్ల అలవాటు."

ల్యాప్‌టాప్ తెరిచారు. ఫుటేజీ ఉంది. అతను ఆపిన చోటినుంచి ఇంకా ఇరవైరెండు నిమిషాలుంది. పోలీసాయన దగ్గరికి జరిగాడు. పెద్దమ్మ గొడుగు కింద పెట్టేసింది. రచయిత్రి ప్లే నొక్కింది.

"...నీళ్లు పోస్తూ మరిదితో మాట్లాడేదాన్నక్కా" అంది గొంతు. తరువాత షెడ్డు గురించి చెప్పింది. రింగురోడ్డు దాటాక మూతపడిన ఇటుకబట్టీ, దాని వెనక ఆకుపచ్చ గేటు, గేటు మీద విరిగిన బస్సు అద్దం. పోలీసాయన రాసుకోలేదు. విన్నది విన్నట్టే ఫోన్లో చెబుతూ వరండాలోకి పరుగెత్తాడు.

దారి తెలిసిపోయింది. ఇక ఆపెయ్యవచ్చు. బాబాయ్ చెయ్యి అప్పుడే బటన్ మీదికి వెళ్లింది.

"ఆపకు" అంది రచయిత్రి. "చివరిదాకా విననీ."

తెరమీద వంకరవేళ్లు నీలం గౌనును మడతపెట్టాయి. ఆ తరువాత గొంతు బాగా తగ్గించి, కెమెరాకు దగ్గరగా వంగినట్టుంది.

"ఇంకోటి కూడా చెప్పేస్తానక్కా. నాకంటే ముందు ఈయనకో పెళ్లయింది. ఆవిడ ఎవరితోనో లేచిపోయిందని అందరూ అంటారు. మరిది కోసం ఆ గది నేల తవ్వినప్పుడు లాంతరు పట్టుకుంది నేనే. రెండడుగులు తవ్వేసరికి గడ్డపారకి గాజులు తగిలాయి."